మునగాకులో కొత్త గుట్ట

కంపెనీ నుంచి మెయిల్ వచ్చిన రోజు దేవకృప టీచరు మధ్యాహ్నం అన్నం తినలేకపోయింది. మెయిల్‌ను ప్రిసిల్లా తన ఫోనులో చూసి రెండుసార్లు చదివి వినిపించింది. మొదటిసారి అర్థం కాక కాదు, నమ్మబుద్ధి కాక.

"ఆ చివరి మాటలు మళ్ళీ చదువమ్మా."

"మునగాకులో మామూలుగా ఇంత మోతాదులో కనిపించని, గుర్తు తెలియని పదార్థం ఒకటి మీ పొడిలో ఉంది. వేరే ఆకు ఏదైనా కలిసిందని మా అనుమానం. అసలు ఉండవలసిన పదార్థాలు సగం కూడా లేవు. సరుకు వెనక్కి పంపుతున్నాం. అంతే ఆంటీ. కింద హరికిషన్, క్వాలిటీ మేనేజర్ అని ఉంది."

దేవకృప ఒక హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు సైన్సు పాఠాలు చెప్పి రిటైరయింది. చిలకలగూడలో వాళ్ళ చర్చి వెనకాల ఉన్న హాల్లో, స్త్రీల సమాజానికి చెందిన ఎనిమిది మంది ఆడవాళ్ళు మూడేళ్ళుగా మునగాకు పొడి చేస్తున్నారు. దానికి పెద్దదిక్కు ఆమే. నెలకు మూడు నాలుగు కిలోలు, చిన్న ప్యాకెట్లు, చర్చివాళ్ళూ చుట్టుపక్కలవాళ్ళూ కొనుక్కునేవారు. ఏప్రిల్లో క్యాప్సూళ్ళు తయారుచేసే ఒక కంపెనీ ఇరవై కిలోలు అడిగింది. ఆ మాట విన్నరోజు ఎనిమిది మందీ హాల్లో చప్పట్లు కొట్టి, స్తోత్రం చేసి, టీలు తాగారు. ఆ ఆర్డరే ఇప్పుడు మూడు అట్టపెట్టెల్లో వెనక్కి వస్తోంది.

ప్రిసిల్లా సమాజంలో అందరికన్నా చిన్నది. ఒక ఆఫీసులో పనిచేస్తుంది. ఈ పొడికి సంబంధించిన మెయిళ్ళూ లేబుళ్ళూ ఆమెవే. ఫోను పక్కన పెట్టి మెల్లగా అంది.

"ఆకు తెచ్చేది పుష్పమ్మ. ఎండాక గిర్నీకి తీసుకెళ్ళి పట్టించుకొచ్చేది పుష్పమ్మ. మధ్యలో మనం కడిగి ఆరబెట్టామంతే. కలిస్తే ఇంకెక్కడ కలుస్తుంది ఆంటీ?"

దేవకృప ముందున్న కంచాన్ని పక్కకు జరిపింది.

"ఇరవై కిలోలంటే ఆకు బోలెడు కావాలి. అంత దొరక్క ఏ అవిసాకో కలిపేసి ఉంటుంది. మన సంఘం మనిషి కూడా కాదు కదా."

ఆ చివరి మాటకు దేవకృప అడ్డు చెప్పాల్సింది. చెప్పలేదు. తర్వాత చాలా రోజులు ఆమెకు అదే గుర్తొచ్చి ముల్లులా గుచ్చుకుంది.

నిజానికి ఆమె మనసులో మరో సంగతి కూడా మెదలకపోలేదు. ఆ ఇరవై కిలోల ఆకును ఎప్పటిలా హాల్లో ఫ్యాన్ల కింద కాక, మేడ మీద ఎండలో ఎండబెట్టారు. ఎండకు సారం తగ్గవచ్చు, అది ఆమెకు తెలుసు. కానీ కొత్త పదార్థం ఎక్కడినుంచి వస్తుంది? ఎండ తీసేయగలదు గాని తెచ్చి పెట్టలేదు కదా. సైన్సు టీచరుగా తనకు తాను అలా జవాబు చెప్పుకుంది. ఆ జవాబు చివరికి పుష్పమ్మ దగ్గరే ఆగింది. ఆ ఆలోచనతో ఆమెకు ఇల్లంతా ఇరుకైపోయినట్టు అనిపించింది.

మర్నాడు పొద్దున్నే మోండా మార్కెట్‌కు వెళ్ళింది.

పుష్పమ్మ ఎప్పటి చోటే కూర్చుని ఉంది. ముందర తడిగుడ్డ మీద తోటకూర, చుక్కకూర, గోంగూర కట్టలు, పక్కన గోనెసంచి మీద మునగ రెబ్బలు. యాభై దాటిన మనిషి. కీసర దగ్గర ఆమె అన్నకు పొలం గట్ల మీద మునగచెట్లున్నాయి. ఆకు అక్కడినుంచే వస్తుంది. ఆమె మరిది తిరుమల్‌కు మార్కెట్ వెనక సందులో గిర్నీ ఉంది.

"రాండ్రి టీచరమ్మా. ఇంత పొద్దుగాల వచ్చిన్రు?"

"ఊరికే. ఈ మధ్య ఆకు బాగా వస్తోందా?"

"వానలు పడ్డయి గదా, మస్తు చిగురు వేస్తున్నది."

"మొన్న వేసవిలో దొరకడం కష్టమయ్యిందేమో. మనం ఒక్కసారే అంత అడిగాం కదా."

"కష్టమే అయ్యింది. మా అన్న చెట్లు చాలక మా మేనమామ చెట్లు సుత దూసినం. అయినా తెచ్చిన గదా."

"అన్నీ మునగచెట్లేనా? అంటే, కోసేటప్పుడు పక్కన వేరే ఆకు ఏమైనా..."

పుష్పమ్మ చేతిలోని కట్టకు దారం చుడుతున్నదల్లా ఆపేసింది. దేవకృప ముఖంలోకి చూసింది. కొనడానికి ఒకామె వచ్చి చుక్కకూర ఎంత అని అడిగితే వినిపించుకోలేదు.

"మీరు అడగవచ్చింది గది కాదు టీచరమ్మా. నేను కలిపిన్నా అని అడుగుతున్రు."

దేవకృప అబద్ధం చెప్పలేక మెయిల్ సంగతంతా చెప్పేసింది. పుష్పమ్మ చివరిదాకా విన్నది. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి గాని నీళ్ళు రాలేదు.

"ఇరవై రెండేండ్లాయె గీ జాగల కూసోని. పుచ్చిన వంకాయ ఒక్కటి తక్కెట్ల ఎయ్యలే. మీరు సుత గిట్ల అడిగిన్రు."

"అందరూ అడుగుతారు పుష్పమ్మా. నేనేం జవాబు చెప్పను?"

"నన్నడిగితే ఏం లాభం? నేను కలపలే అంట. మీరు నమ్ముతరో లేదో. గా ఆకునే అడుగుండ్రి. కంపెనీ వాళ్ళు మిషిన్ల పెట్టిన్రంటిరి గదా, మనం సుత ఇంకో మిషిన్ల పెట్టిద్దాం. నేను వస్త మీతోని."

ఏ.ఎస్. రావు నగర్‌లో మందులూ మూలికలూ పరీక్షించే ఒక ప్రైవేటు ల్యాబు ఉందని ప్రిసిల్లా వెతికి చెప్పింది. రెండు రోజుల తర్వాత దేవకృప, పుష్పమ్మ బస్సులో పక్కపక్కనే కూర్చుని వెళ్ళారు. దారి పొడుగునా ఇద్దరి మధ్యా మాటల్లేవు. పుష్పమ్మ ఒడిలో అప్పుడే కోసుకొచ్చిన మునగ రెబ్బల సంచి. దేవకృప చేతిసంచిలో వెనక్కి వచ్చిన పొడి డబ్బా.

ల్యాబులో వాళ్ళతో మాట్లాడింది సృజన అనే అమ్మాయి. ముప్పై ఏళ్ళుంటాయి. తెల్లకోటు జేబులో రెండు పెన్నులు, చేతికి గడియారం. కంపెనీ మెయిల్‌నూ దానితో పంపిన గ్రాఫునూ చదివి, వాళ్ళను లోపలికి తీసుకెళ్ళి అద్దం తలుపు అవతల ఉన్న యంత్రాన్ని చూపించింది. ఒకదాని మీద ఒకటి పేర్చిన టిఫిన్ గిన్నెల్లా ఉంది. పైన సీసాల్లో రంగులేని ద్రవాలు, సన్నటి గొట్టాలు.

"ఇదే హెచ్‌పీఎల్‌సీ మేడం. లిక్విడ్ క్రొమటోగ్రఫీ అంటరు."

దేవకృప తల ఊపింది. పేరు తెలుసు, పుస్తకంలో చదివింది. ఎదురుగా చూడటం ఇదే మొదటిసారి. పుష్పమ్మ అద్దానికి దగ్గరగా జరిగింది.

"గిదేం చేస్తది బిడ్డా?"

సృజన ఒక్క క్షణం ఆలోచించింది. "సికింద్రాబాద్ స్టేషన్ల రైలు దిగుతరు చూడు పెద్దమ్మా, అందరు ఒక్కసారే దిగుతరు. గేటు బయటికి మాత్రం ఒక్కసారే రారు. చేతులు ఊపుకుంట వచ్చేటోళ్ళు ముందొస్తరు. సామాను ఉన్నోళ్ళు వెనకొస్తరు. గట్లనే ఆకు సారం అంతా ఒక సన్నటి గొట్టంలకు పంపిస్తం. లోపల మెత్తటి పొడి నింపి ఉంటది. ఒక్కో పదార్థం ఆ పొడిని ఒక్కో తీరుగ పట్టుకుంటది. అందుకే ఒక్కోటి ఒక్కో నిమిషానికి బయటికొస్తది. వచ్చినప్పుడల్లా ఈ కంప్యూటర్ మీద గీత పైకి లేస్తది. ఎంత ఎక్కువుంటే అంత ఎత్తు."

"మా వదిన ఆఖరికొస్తది. దొరికినోళ్ళందరితోని ముచ్చట్లు పెడుతది" అంది పుష్పమ్మ.

సృజన నవ్వింది. "కరెక్ట్. మీ వదిన ఎన్నిసార్లు దిగినా అదే టైముకు వస్తది. అట్లనే మునగాకుల ఉండేటివి కూడా. ఇదిగో, కంపెనీ వాళ్ళ గ్రాఫ్ చూడు. ఈ రెండు మునగాకువే, కానీ పొట్టిగ ఉన్నయి. ఇదిగో పన్నెండో నిమిషం దగ్గర ఇంకొకటి లేచింది. దీని పక్కన వాళ్ళు ఏమీ రాయలే. క్వశ్చన్ మార్క్ పెట్టిండ్రు."

పుష్పమ్మ ఆ గీతను వేలితో తడిమింది. "గీ చిన్న గుట్టనా నన్ను దొంగను చేసింది?"

దేవకృప తల తిప్పుకుంది.

సృజన వాళ్ళను కూర్చోబెట్టి ఒక నోటు పుస్తకం తీసింది. "ఇప్పుడు నాకు చెట్టు మీద నుంచి డబ్బాలకు వచ్చేదాకా ఏమేం చేసిండ్రో ఒక్కటి కూడా వదలకుండ చెప్పాలె. ఎవరు చెప్తరు?"

కోయడం, తేవడం పుష్పమ్మ చెప్పింది. తెల్లారి కోసి, తొమ్మిది గంటలకల్లా చర్చి హాలుకు చేర్చారు. అక్కడినుంచి చెప్పాల్సింది దేవకృప.

"మామూలుగా అయితే వచ్చిన వెంటనే ఆకు దూసి, కడిగి, హాల్లో బల్లల మీద పల్చగా పరిచి ఫ్యాన్లు వేస్తాం. నీడలోనే ఆరుతుంది. మూడు రోజులు."

"ఈసారి కూడా అట్లనేనా?"

"ఈసారి..." దేవకృప ఆగింది. "ఈసారి మే నెల. హాల్లో పిల్లలకు వీబీఎస్ జరుగుతోంది. సెలవుల్లో బైబిలు క్లాసులు. నూట పాతికమంది పిల్లలు. హాలు ఖాళీ లేదు. ఆకు కూడా ఎప్పుడూ లేనంత. కడిగి, నీళ్ళు ఓడ్చి, గోనెసంచుల్లో నింపి ఉంచాం. మర్నాడు మధ్యాహ్నం క్లాసులు అయ్యాక మేడ మీదికి ఎక్కించి రేకుల మీద పరిచాం."

"తడి ఆకు ఒక రోజంతా సంచుల్ల ఉన్నదా?"

"ఉంది."

"తీసినప్పుడు వేడిగ ఉన్నదా?"

దేవకృపకు ఆ వేడి చేతులకు తగిలినట్టే అయింది. సంచి మూతి విప్పితే ఆవిరి, ఉడికిన ఆకుకూర వాసన. ఆరోజు పుష్పమ్మ సంచిలో చెయ్యి పెట్టి చూసి, "ఆకు మగ్గుతున్నది టీచరమ్మా, గీ రేకుల మీద ఎండకు ఇంకా నల్లబడుతది" అంది. తానేమో, "ఏం కాదులే, తొందరగా ఎండుతుంది. గడువు దగ్గర పడింది" అంది. ఆ మాట ఇప్పుడు పుష్పమ్మకు గుర్తుందో లేదో తెలియదు. ఆమె గోడ మీది క్యాలెండరు వైపు చూస్తోంది.

"వేడిగా ఉంది" అంది దేవకృప. "పుష్పమ్మ వద్దంది. నేనే వినలేదు."

సృజన ఆ మాట కూడా రాసుకుంది. పుష్పమ్మ తెచ్చిన రెబ్బలు తీసుకుని, ఆరు రోజులు గడువు అడిగింది.

బయటికొచ్చాక బస్టాపులో పుష్పమ్మ అంది.

"గా మాట లోపల చెప్పిన్రు. మంచిగనిపించింది."

"అది కాదు పుష్పమ్మా. ఎండ వల్ల తగ్గిందేమో. కానీ ఆ కొత్తది ఎట్లా వచ్చిందో నాకు ఇంకా తెలియట్లేదు."

"అంటే నా మీద ఇంకా ఉన్నదన్నట్టే."

దేవకృప రోడ్డు వైపు చూసింది. బస్సు వచ్చింది.

ఆ ఆరు రోజులూ ఆమెకు నడవని గడియారంలా గడిచాయి. ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు చుట్టూ చేరి అడిగారు. ఇకనుంచి ఆకు వేరేచోట కొందామని ఒకరన్నారు. దేవకృప, "ల్యాబువాళ్ళు చెప్పేదాకా ఎవరి పేరూ ఎత్తొద్దు" అని కసిరింది. ప్రిసిల్లా ముఖం చిన్నబోయింది.

ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది. ఇద్దరూ మళ్ళీ బస్సెక్కారు. ఈసారి పుష్పమ్మ చేతుల్లో ఏమీ లేదు, కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. తార్నాక దాటాక ఉన్నట్టుండి అంది.

"టీచరమ్మా, మీకొకటి చెప్పాలె. లోపలికి పోయినంక చెప్పుడు కన్న ముందే చెప్త."

దేవకృప ఆమె వైపు తిరిగింది.

"నేను మా తిరుమల్‌ను అడిగిన. గిర్నీల ఏమన్న కలిపినవారా అని. మునగాకు పట్టే ముందుగాల వేరే ఏమన్న పట్టి, కడగకుండ ఇది పోసినవా అని. వాడు మస్తు గుస్స అయ్యిండు. నాల్గు దినాల నుంచి మా ఇంటికి వస్తలేడు. నేను కలపలేదని నాకు ఎర్క. వాని సంగతి నాకు తెల్వదు గదా. గా భయంతోని నాకు తిండి పోతలేదు. మీరు నన్ను అనుమానపడిన్రు, నేను వాణ్ణి పడిన."

దేవకృప ఆమె చేతిమీద చెయ్యి వేసింది. తాను ఆ ఆరు రోజులూ పుష్పమ్మ గురించే భయపడింది. పుష్పమ్మ కూడా తనలాగే ఎవరి గురించో భయపడుతోందని ఒక్కసారి కూడా తట్టలేదు.

సృజన కంప్యూటరు ముందు మూడు కుర్చీలు వేసి ఉంచింది. తెర మీద మూడు గీతలు, ఒకదాని కింద ఒకటి.

"పైనది పెద్దమ్మ ఇచ్చిన పచ్చి రెబ్బలది. నీడకు, ఫ్యాన్ కింద నేనే ఎండబెట్టిన. చూడండి, ఈ రెండు ఎంత ఎత్తున్నయో. పన్నెండో నిమిషం దగ్గర ఉన్నదా లేదా అన్నట్టు ఒక చిన్న బొడిపె. రెండోది మీ డబ్బాలోది. ఈ రెండు పొట్టిగ అయినయి, పన్నెండో నిమిషంల కొత్తది లేచింది. కంపెనీ వాళ్ళు తప్పు చెప్పలే. ఉన్నదే చెప్పిండ్రు."

పుష్పమ్మ కొంగును మళ్ళీ వేలికి చుట్టుకుంది.

"మూడోది చూడండి మేడం. ఇది కూడా పెద్దమ్మ ఇచ్చిన రెబ్బలే. సగం విడిగ తీసి, కడిగి, తడిగనే సంచిల కట్టి ఒక రోజు పక్కన పెట్టిన. తెల్లారి మా మేడ మీద రేకు మీద వేసిన. వాన రాకుండ మొక్కుకున్న. రెండు రోజులు మంచిగ ఎండ కొట్టింది."

మూడో గీతలో మొదటి రెండు శిఖరాలు కుదించుకుపోయాయి. పన్నెండో నిమిషం దగ్గర కొత్తది నిటారుగా లేచి ఉంది. రెండో గీతనూ మూడో గీతనూ సృజన ఒకదాని మీదికి ఒకటి జరిపింది. రెండు శిఖరాలూ సరిగ్గా ఒకే చోట లేచాయి.

"కొత్తది బయటి నుంచి రాలే. ఆకులోనుంచే వచ్చింది."

దేవకృప కుర్చీలో ముందుకు వంగింది. "ఎట్లా?"

"మునగాకుల ముఖ్యమైన పదార్థాలు ఉత్తగ ఉండవు మేడం, చక్కెరతోని అతుక్కొని ఉంటయి. చక్కెర ఉన్నంతసేపు అవి ముందుగాలే బయటికొస్తయి. ఆకు తడిసి మగ్గితే లోపలున్న ఎంజైములు ఆ చక్కెరను ఊడగొడుతయి. ఊడిపోయినంక మిగిలేది క్వెర్సెటిన్. ఆలస్యంగ వస్తది, పన్నెండో నిమిషంల. మా దగ్గర అసలైన క్వెర్సెటిన్ ఉన్నది, అది కూడా పంపి చూసిన. సరిగ్గ అదే టైముకు వచ్చింది. అది వెలుగును పట్టుకునే తీరు కూడా సరిపోయింది. కంపెనీ వాళ్ళు మొదటి రెండింటినే కొలుస్తరు. ఇది పోల్చుకోనీకి వాళ్ళ దగ్గర పెట్టుకున్నట్టు లేదు, అందుకే గుర్తు తెల్వదన్నరు."

"మరి వేరే ఆకు?"

"మైక్రోస్కోపు కింద చూసిన. వేరే ఆకు నూగు లేదు, పిండి లేదు. బియ్యప్పిండి గిట్ల కలిపితే అయోడిన్ చుక్కకు నీలం రావాలె, రాలే. ఇది మొత్తం మునగాకే. పెద్దమ్మ తెచ్చింది, మీరు కడిగింది, గిర్నీల పట్టింది, అన్నీ సాఫే. మగ్గింది, మాడింది. గంతే."

 దేవకృప ఆ మూడు గీతలనే చూస్తూ ఉండిపోయింది. ఎండ తెచ్చి పెట్టలేదని తాను ఎంత గట్టిగా నమ్మింది! దాన్ని ఎండ కూడా తేలేదు, తాను మూతి కట్టిన తడి గోనెసంచి తెచ్చింది. తప్పు పూర్తిగా తనది. ఆ సంగతి తెలిసిన క్షణంలో సిగ్గు రావాలి, వచ్చింది కూడా. కానీ దానికన్నా ముందే ఇంకేదో వచ్చింది. పది రోజులుగా ఛాతీ మీద పెట్టుకున్న బండను ఎవరో ఎత్తేసినట్టు. ఎవరూ మోసం చేయలేదు. ఎవరూ దొంగ కాదు. తానొక్కతే తొందరపడింది, దాన్ని సరిదిద్దుకోవచ్చు. ఆమెకు నవ్వు వచ్చింది, ఆ నవ్వులోనే కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది.

"దేవా, నీకు స్తోత్రం" అంది పైకే. "తప్పు నాదే అయ్యింది."

సృజన ఆశ్చర్యంగా చూసింది. తప్పు తనదని తెలిసి ఇంత సంతోషించే మనిషిని ఆమె ఆ ల్యాబులో చూసి ఉండదు.

పుష్పమ్మ మాత్రం ఇంకా తెర వంకే చూస్తోంది. "అంటే మా తిరుమల్ సుత ఏం కలపలే?"

"లేదు పెద్దమ్మా."

"గిర్నీ కడగలేదని సుత అననీకి లేదు?"

"లేదు."

"ఒక్క గ్లాసు మంచినీళ్ళు ఇయ్యి బిడ్డా" అని గ్లాసంతా ఒక్క గుక్కలో తాగేసింది. తర్వాత ఫోను తీసి అక్కడికక్కడే మరిదికి కలిపింది. అవతల ఎత్తగానే గట్టిగా, ల్యాబంతా వినబడేలా అంది. "తిరుమల్! గీ పొద్దు ఇంటికి రా. నాటుకోడి కూర వండుత. ఏందీ? రానంటవా? వదిన తప్పైందంటున్నది, జెర రారా."

రిపోర్టు తీసుకుని బయటపడ్డాక దేవకృప పుష్పమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"నన్ను క్షమించు పుష్పమ్మా. అడిగినందుకు కాదు. నువ్వు ఆరోజు వద్దన్నా విననందుకు, ఆ తర్వాత అది మర్చిపోయినట్టు నటించినందుకు."

"నాకు తక్లీఫ్ కాలేదంటే అబద్ధం. మస్తు అయ్యింది." పుష్పమ్మ చేతులు వెనక్కి తీసుకోలేదు. "కానీ మీరు ఇంట్ల కూసోని నా దగ్గర ఆకు కొనుడు బంద్ చెయ్యలే. నాతోని బస్సుల వచ్చిన్రు. ఇగ పోనీయుండ్రి."

తిరిగి వచ్చే బస్సులో ఇద్దరూ దారి పొడుగునా మాట్లాడుకుంటూనే ఉన్నారు. దిగాల్సిన స్టాపు దాటి ఒక స్టాపు ముందుకు వెళ్ళిపోయారు కూడా.

ఆ వారం సమాజం కూటంలో ప్రార్థన అయ్యాక దేవకృప లేచి నిలబడింది. వాక్యం చెప్పడానికి అనుకున్నారు అందరూ. ఆమె రిపోర్టు కాగితాన్ని బల్ల మీద పరిచి, మూడు గీతలనూ చూపించి, క్లాసులో చెప్పినట్టే నెమ్మదిగా చెప్పింది. తడి ఆకు సంచుల్లో పెట్టమన్నది తానేనని, పుష్పమ్మ వద్దన్నా రేకుల మీద పోయించింది తానేనని చెప్పింది. పుష్పమ్మ మీద మాట పడినప్పుడు ఊరుకున్నది కూడా తానేనని ఆఖరున చెప్పింది. 

ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వయసులో అందరికన్నా పెద్దావిడ, "పోనీలే దేవకృపా, మన చేతిలో తప్పయితే మన చేతిలోనే బాగవుతుంది" అంది.  కుర్చీలు కదిలాయి. ఎవరో టీ పెట్టడానికి లేచారు. ప్రిసిల్లా మాత్రం చాలాసేపు తల ఎత్తలేదు.

మర్నాడు దేవకృప హరికిషన్‌కు ఫోన్ చేసింది. దాచకుండా జరిగింది జరిగినట్టు చెప్పి, రిపోర్టు పంపానంది. అవతలి మనిషి కొద్దిసేపు కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది.

"మేడం, నాకు రోజూ వచ్చే ఫోన్లల్ల అందరు ల్యాబ్‌దే తప్పంటరు. మీరొక్కరే తప్పు మీదే అంటున్నరు" అన్నాడు నవ్వుతూ. "ఇంత వివరంగ ఎవరు పంపరు. మావాళ్ళకు కూడా చూపిస్త. ఇప్పుడు వానల్ల మీరు ఎట్ల ఎండబెడ్తరు?"

"హాల్లో, ఫ్యాన్ల కింద. కడిగిన రోజే పరుస్తాం. ఎంత పరచగలమో అంతే ఆకు తెప్పిస్తాం."

"అయితే ముందు రెండు కిలోలు చేసి పంపండి. టెస్ట్ అయినంక మిగతా సంగతి."

వెనక్కి వచ్చిన ఇరవై కిలోల పొడి తినడానికి ఏ దోషమూ లేదని సృజన రాసి ఇచ్చింది, క్యాప్సూళ్ళకు మాత్రమే దాని సారం చాలదు. ఎండుమిర్చి, వెల్లుల్లి, ధనియాలు వేసి ఆడవాళ్ళు దాన్ని కారప్పొడి చేశారు. రెండు ఆదివారాల్లో ఆరాధనకు వచ్చినవాళ్ళే మొత్తం తీసుకెళ్ళిపోయారు.

ఆషాఢం వచ్చింది. ఇళ్ళల్లో మునగాకు వండుకునే నెల కాబట్టి మోండా మార్కెట్‌లో పుష్పమ్మకు గిరాకీ విపరీతంగా ఉంది. అయినా సమాజానికి కావాల్సిన ఆకు విడిగా తీసి ఉంచింది. బయట వాన పడుతుంటే హాల్లో బల్లల మీద ఆకు నీడలోనే ఆరింది, పచ్చదనం పోకుండా. రోజుకు నాలుగుసార్లు దేవకృప వేళ్ళతో తిరగేస్తూ, ఎక్కడైనా చెమ్మ చేరిందేమోనని వాసన చూస్తూ తిరిగింది. పొడిని తిరుమల్ గిర్నీలోనే పట్టించారు. ఆయన ముందుగా మిషన్ విప్పి, బ్రష్షుతో తుడిచి, వాళ్ళకు చూపించి మరీ పోశాడు.

పది రోజులకు హరికిషన్ నుంచి మెయిల్ వచ్చింది. ప్రిసిల్లా ఆఫీసు నుంచే దేవకృపకు ఫోన్ చేసింది. 

"ఆంటీ, పాస్! రెండూ ఉండాల్సిన దానికన్నా ఎక్కువే ఉన్నాయట. పన్నెండో నిమిషం దగ్గర ఏమీ లేనట్టే. నెలకు అయిదు కిలోలు పంపమంటున్నారు."

దేవకృప ఫోను పెట్టేసి, మంచం మీద నడుం వాల్చింది. బయట పిల్లలు వాన నీళ్ళలో అరుస్తున్నారు. ఆమె అలాగే సాయంత్రం అయిదింటిదాకా, నెల రోజుల నిద్రంతా ఒక్కసారే తీర్చుకున్నట్టు, గాఢంగా నిద్రపోయింది.

ప్రిసిల్లా ఆరోజు ఆఫీసు నుంచి ఇంటికి పోలేదు. తిన్నగా మోండా మార్కెట్‌లో దిగి, గొడుగు మూసి పుష్పమ్మ ముందు నిలబడింది. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చింది.

"పుష్పమ్మగారూ, పాసయ్యింది. మీకు నేనే వచ్చి చెబుదామని..." అంది. తర్వాత, "మీ గురించి అన్ని మాటలు అన్నది నేనే. ఆంటీ మీకు చెప్పి ఉండరు" అంది.

పుష్పమ్మ ఆమెను ఒకసారి పైనుంచి కిందిదాకా చూసింది. "చెప్పలే" అంది.

"నాది తప్పయింది."

వానకు తలదాచుకోవడానికి వచ్చిన జనం చుట్టూ మూగి ఉన్నారు. అయిదారుగురు ఒకేసారి మునగాకు అడుగుతున్నారు. పుష్పమ్మ పక్కకు జరిగి, గోనెసంచి మీద జాగా చేసి, ఒక రెబ్బల మోపు ప్రిసిల్లా వైపు తోసింది.

"పరేషాన్ కాకు బిడ్డా. కూసో. జెర గీ ఆకు దూసి పెట్టు, గిరాకీలు ఆగుతలేరు."

ప్రిసిల్లా చెప్పులు పక్కన విడిచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని కింద కూర్చుంది. రెబ్బను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో ఆకు దూయడం మొదలుపెట్టింది.